బస్సెక్కి గోల్ఫ్‌కి వెళ్ళొచ్చు

సంపాదకుల వారికి,

నమస్కారం.

కిందటి ఆదివారం మీ అనుబంధంలో స్కాట్లాండ్ వెళ్ళి గోల్ఫ్ ఆడి రావడం గురించి ఓ వ్యాసం వేశారు. కోటలాంటి హోటలు, విమానాశ్రయానికి వచ్చే కారు, పేరుమోసిన మూడు మైదానాల్లో మూడు ఆటలు. ఖర్చు మనిషికి లక్షల్లో. బొమ్మలో ఒకాయన తెల్ల టోపీ పెట్టుకుని చిన్న బండిలో కూర్చుని ఉన్నాడు. చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత కొంచెం కోపమొచ్చింది. ఎందుకంటే ఈ ఏడాది మే నుంచి అక్టోబరు మొదటి వారం దాకా నేను అదే స్కాట్లాండ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉండి, వారానికి మూడు నాలుగు రోజులు గోల్ఫ్ ఆడి వచ్చాను. చాలా రోజులు నాకు ఒక్క పైసా ఖర్చవలేదు. ఖర్చయిన రోజుల్లో కూడా మా అమ్మాయి పిజ్జా తెప్పించిన రాత్రి అయ్యేదాని కంటే పెద్దగా ఎక్కువ కాలేదు. బండి ఒక్కసారి కూడా ఎక్కలేదు.

నేను విశాఖలో మున్సిపల్ హైస్కూళ్ళలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పీఈటీగా పనిచేశాను. పిల్లల భాషలో డ్రిల్ టీచర్ని. ఖోఖో, కబడ్డీ, బాల్ బ్యాడ్మింటన్, పరుగు పందాలు. వాలీబాల్ నెట్టు చిరిగితే చేపల వలతో కుట్టించిన దాన్ని. గోల్ఫ్ అంటే నాకు టీవీలో ఛానల్ మార్చేటప్పుడు కనబడే పచ్చరంగు, అంతే. ఒక చిన్న బంతి వెనకాల అంతమంది పెద్దమనుషులు అంత నెమ్మదిగా నడవడం ఆటేమిటని మా స్టాఫ్ రూములో నేనే ఎకసెక్కాలాడేదాన్ని. ఆ పాపం కడుక్కోవడానికే ఈ ఉత్తరం అనుకోండి.

మా అమ్మాయి ఎడిన్‌బర్గ్‌లో ఆసుపత్రి ఉద్యోగి. (రాయడం ఎడిన్‌బర్గ్, పలకడం ఎడిన్‌బరా. గ అంటే మా మనవడు సరిదిద్దుతాడు.) వాళ్ళుండేది మార్చ్‌మాంట్ అనే పేటలో, లిఫ్టు లేని రాతి మేడలో మూడో అంతస్తు. పొద్దున్నే అందరూ ఎవరి పనులకి వాళ్ళు వెళ్ళిపోతే నాకు మిగిలేది కిటికీ. ఆ కిటికీలోంచి చూస్తే కాస్త దూరంలో బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్ అనే పచ్చిక బయలు. కుక్కల్ని తిప్పేవాళ్ళు, బడికి అడ్డదారిన పడి పోయే పిల్లలు, తోపుడు బండ్లలో పసిపిల్లల్ని తోసుకుంటూ తల్లులు. వాళ్ళందరి మధ్యా అక్కడక్కడా చిన్న జెండాలు. నాలుగో రోజున గమనించాను, ఓ ముసలాయన చేతిలో రెండు కర్రలతో ఒక జెండా దగ్గర్నుంచి ఇంకో జెండా దగ్గరికి బంతి కొట్టుకుంటూ పోతున్నాడు. టికెట్టు చూసేవాడు లేడు, గేటు లేదు, గోడ లేదు.

సాయంత్రం అమ్మాయినడిగితే, "అదా, పిచ్ అండ్ పట్ అమ్మా, చిన్న దూరాల గోల్ఫు, ఎవరైనా ఆడుకోవచ్చు" అంది. తను అక్కడ ఆరేళ్ళ నుంచీ ఉంటోంది, ఒక్కసారీ ఆడలేదు.

సంగతేమిటంటే ఆ బయలు నగరపాలక సంస్థది. అక్కడ గోల్ఫ్ కొన్ని వందల ఏళ్ళుగా ఆడుతున్నారు. ఇప్పటికీ ఉచితం. ఎండాకాలంలో 36 చిన్న హోల్స్ ఉంటాయి (హోల్ అంటే బంతి మొదట కొట్టే చోటు నుంచి జెండా ఉన్న గుంట దాకా), చలికాలంలో 9కి తగ్గిస్తారు. ఒక్కో హోల్ దూరం చాలావరకు మన స్కూలు గ్రౌండులో గీసే వంద మీటర్ల ట్రాకు కన్నా తక్కువే. కావలసింది ఒక వెడ్జ్ (బంతిని పైకి లేపే కర్ర), ఒక పట్టర్ (గుంటలోకి దొర్లించే కర్ర), ఒక బంతి. అవి లేనివాళ్ళకి పక్కనే గోల్ఫ్ టావెర్న్ అనే పాతకాలపు పబ్బులో అద్దెకిస్తారు. అరవై దాటాక నేను మొదటిసారి బారు గడప తొక్కింది అలా, గోల్ఫ్ కర్ర కోసం, మనవడి చెయ్యి పట్టుకుని. కౌంటరు వెనకున్న అమ్మాయి నన్నూ నా చుడీదార్‌నీ చూసి ఏమీ అనుకోలేదు. "కుడిచేతి వాటమా, ఎడమా?" అని మాత్రం అడిగింది.

మొదటి రోజు బంతికి తగిలిన దెబ్బలకన్నా నేలకి తగిలినవే ఎక్కువ. కర్రాబిళ్ళ ఆడిన చేతులు కదా, మోచేతులతో కొడుతున్నాను. రెండో రోజు దూరంగా బెంచీ మీద కూర్చుని ఆడేవాళ్ళ కాళ్ళు, నడుములు చూశాను. ముప్ఫై ఏళ్ళు జావెలిన్ విసిరే పిల్లల తుంటి ఎటు తిరుగుతోందో చూసిన కళ్ళు నావి. గంటలో అర్థమైంది: ఇది చేతుల ఆట కాదు, తుంటి ఆట. చేతులు వెనకాల రావాలి, అంతే. మూడో రోజున బంతి గాల్లోకి లేచింది. మనవడు "అమ్మమ్మా!" అని అరిచిన అరుపుకి ఓ కుక్క భయపడి మొరిగింది.

అక్కడే ఓ తప్పు కూడా చేశాను. జూన్‌లో ఎండ బాగా కాసిన ఒక శనివారం వెళ్ళాను. ఆ దేశంలో ఎండ వస్తే జనమంతా పచ్చిక మీదే ఉంటారు, చొక్కాలు విప్పి మరీ. నేను కొట్టిన బంతి వెళ్ళి ఒకళ్ళ పిక్నిక్ దుప్పటి మీద, సరిగ్గా స్ట్రాబెర్రీల డబ్బా పక్కన పడింది. ఎవరికీ తగల్లేదు. వాళ్ళు నవ్వి బంతి తిరిగిచ్చారు గానీ నాకు కాళ్ళు వణికాయి. ఆ తర్వాత ఎండ ఉన్న శనాదివారాలు అటు వెళ్ళలేదు. మబ్బు పట్టిన మంగళవారం పొద్దున ఆ బయలంతా మనదే. జూన్‌లో అక్కడ రాత్రి పది దాకా వెలుగుంటుంది కాబట్టి వంట పని ముగించి, అంట్లు కడిగేసి కూడా వెళ్ళొచ్చు.

ఈ ఆటకి అక్కడున్న వయసు చూస్తే కళ్ళు తిరుగుతాయి. 1457లోనే జేమ్స్ 2 అనే రాజుగారి కాలంలో గోల్ఫ్‌నీ ఫుట్‌బాల్‌నీ నిషేధిస్తూ చట్టం చేశారు, జనం విలువిద్య సాధన మానేసి వీటి వెంట పడుతున్నారని. అంటే డ్రిల్ పీరియడ్ ఎగ్గొట్టి ఆడుకుంటున్నారన్న మాట. ఆ రాజుగారి బాధ నాకు తెలుసు. తర్వాత 18వ శతాబ్దంలో ఈ బ్రంట్స్‌ఫీల్డ్ బయల్లోనే రెండు గోల్ఫ్ సంఘాలు ఆడుకునేవి. జనం పెరిగి ఇరుకయ్యాక ఆ సంఘాల వాళ్ళు ఊరి బయట సొంత మైదానాలు చూసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళినా నేల మాత్రం ఊరిదిగానే ఉండిపోయింది, ఆటా ఉండిపోయింది. చోటు చాలడం లేదని నగరం 1889లో దక్షిణాన బ్రెయిడ్ హిల్స్ అనే గుట్టల్ని కొని అక్కడ ఇంకో గోల్ఫ్ మైదానం పెట్టింది. మన మున్సిపాలిటీ పార్కు కొన్నట్టు వాళ్ళు గోల్ఫ్ కోసం గుట్టలు కొన్నారు. ఆ ఒక్క వాక్యం మీ వ్యాసంలో ఉండి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదేమో.

బ్రెయిడ్ హిల్స్‌కి మార్నింగ్‌సైడ్ మీదుగా ఊళ్ళో తిరిగే మామూలు బస్సులోనే వెళ్ళాను. బ్యాగు వీపున వేసుకుని ఎక్కితే డ్రైవరు "గాలి ఎక్కువగా ఉంది ఈరోజు, జాగ్రత్త" అన్నాడు. బ్యాగు అంటే పెద్దదేం కాదు. ధర్మానికి వచ్చిన పాత సామాను అమ్మే దుకాణాలు అక్కడ ప్రతి వీధిలో ఉంటాయి. అలాంటి ఓ దుకాణంలో మూల నిలబెట్టి ఉన్న పాత కర్రలు ఆరు, బ్యాగుతో సహా కొన్నాను. కొత్త కర్ర ఒక్కటి కొనే డబ్బుతో ఇలాంటి బ్యాగులు నాలుగైదు వస్తాయి. మామూలుగా బ్యాగులో పద్నాలుగు కర్రల దాకా పెట్టుకోవచ్చు. నడిచి ఆడేవాళ్ళకి ఆరు చాలు. బరువు తగ్గితే ఆట బాగుపడుతుందని నా అనుభవం.

అక్కడ 18 హోల్స్ నడిస్తే ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లవుతుంది, అదీ ఎత్తుపల్లాల్లో. నాకు నాలుగు గంటలు దాటింది. ఒంటరిగా వెళ్ళిన నన్ను ఇద్దరు మగవాళ్ళతో కలిపారు. అది అక్కడ మామూలే. ఒకాయన రిటైరైన బస్సు డ్రైవరు, ఇంకొకాయన ఇళ్ళకి రంగులేసే ఆయన, ఆ రోజు వాన పడేలా ఉందని పని మానుకుని వచ్చాడు. ఎవరి హోదా ఎవరూ అడగలేదు. నేను ఒకే హోల్‌లో పదకొండు దెబ్బలు కొట్టినప్పుడు మాత్రం డ్రైవరాయన, "బంతి చేతిలోకి తీసుకో, వెనకవాళ్ళు ఎదురుచూస్తున్నారు" అన్నాడు. కోపంగా కాదు. ఆడటం రాకపోయినా ఫరవాలేదు గానీ నిదానంగా ఉంటే ఒప్పుకోరు. వెనకవాళ్ళు త్వరగా వస్తుంటే పక్కకి తప్పుకుని ముందు పోనివ్వాలి. గడ్డి పెళ్ళ లేస్తే తీసుకొచ్చి మళ్ళీ అక్కడే పెట్టి కాలితో అదమాలి. ఈ రెండూ తెలిస్తే చాలు, కొత్తవాళ్ళని బాగానే చూస్తారు. బట్టల పట్టింపులు లేవు. మామూలు నడక బూట్లతోనే ఆడాను.

పైకెక్కాక ఒకపక్క కోట, ఇంకోపక్క ఆర్థర్స్ సీట్ కొండ, వెనకాల సముద్రం కనబడతాయి. మేలో గుట్టలనిండా గోర్స్ అనే ముళ్ళపొదలు పసుపుపచ్చ పూలతో విరగబూసి ఉంటాయి. ఆ పూల వాసన ఏమిటో తెలుసా? కొబ్బరి. అచ్చంగా పచ్చి కొబ్బరి కోరిన వాసన. పోయిన బంతి వెతకడానికి ఆ పొదలోకి వంగి, చేతికి ముల్లు గుచ్చుకుని, మా పెదవాల్తేరు వంటింట్లో ఉన్నట్టనిపించి ఒక్క నిమిషం అక్కడే ఉండిపోయాను. బంతి దొరకలేదు.

ఎత్తు ఎక్కలేని రోజుల్లో పోర్టొబెల్లోకి వెళ్ళేదాన్ని. సముద్రం ఒడ్డు పేట, పక్కనే హైస్కూలు, 9 హోల్స్ మాత్రమే, నేల బల్లపరుపు. రెండు గంటల్లో అయిపోతుంది. నాకు ఇరవై పౌండ్లు ఎప్పుడూ దాటలేదు. తర్వాత బీచికి నడిచి వెళ్ళి, మా అమ్మాయి కట్టిచ్చిన పులిహోర తిని, బస్సెక్కి వచ్చేదాన్ని. ఆ అయిదు నెలల్లో నాకు బాగా నచ్చిన రోజులు అవే.

మస్సెల్‌బరా సంగతి మాత్రం తీరిగ్గా చెప్పాలి. ఎడిన్‌బర్గ్‌కి తూర్పున, ఊరి బస్సులోనే వెళ్ళగలిగే చిన్న ఊరు. అక్కడి పాత మైదానంలో 9 హోల్స్, చుట్టూతా గుర్రప్పందాల ట్రాకు. పందెం రోజున ఆట ఉండదు కాబట్టి ముందు కనుక్కుని వెళ్ళాలి. నేను కనుక్కోకుండా వెళ్ళి ఒకసారి గుర్రాల్ని చూసి వచ్చేశాను. ఇవాళ ప్రపంచమంతా గోల్ఫ్ గుంట నాలుగుంపావు అంగుళాల వెడల్పే ఉంటుంది కదా, ఆ కొలత ఈ ఊళ్ళోనిదే. 1829లో ఇక్కడి వాళ్ళు గుంటలు తవ్వడానికి చేయించిన పరికరం వెడల్పు అది. 1893లో దాన్నే అందరికీ నియమం చేశారు.

అంతకంటే నాకు గుండెకి తగిలిన విషయం ఇంకోటుంది. 1810 డిసెంబరులో ఇక్కడి గోల్ఫ్ క్లబ్బు ఓ తీర్మానం రాసుకుంది: కొత్త సంవత్సరం రోజున ఊళ్ళో చేపలమ్మే ఆడవాళ్ళకి గోల్ఫ్ పోటీ పెట్టాలి, గెలిచినామెకి ఒక కొత్త చేపల గంప, ఒక శాలువా ఇవ్వాలి, వాటితోపాటు పట్టు చేతిరుమాళ్ళు కూడా. ఆడవాళ్ళ గోల్ఫ్ పోటీల్లో రాతపూర్వకంగా దొరికే మొట్టమొదటిది అదేనంటారు. స్కాట్లాండ్‌లోనే గోల్ఫ్‌కి పేరుమోసిన సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళోని పెద్ద క్లబ్బు ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకోవడానికి ఒప్పుకున్నది 2014లో. చేపల గంప ఎత్తుకునే ఆడవాళ్ళు అంతకు రెండు వందల ఏళ్ళ ముందే కర్ర పట్టారు.

మా జాలారిపేట నుంచి వచ్చిన ఓ పిల్ల నా దగ్గర 400 మీటర్లు పరిగెత్తేది. జిల్లాలో రెండో స్థానం. తొమ్మిదో తరగతి సగంలో మానేసి వాళ్ళమ్మతో గంప నెత్తిన పెట్టుకుని వీధుల్లోకి వచ్చింది. నాకు చందువాలు అమ్మేది, ధర తగ్గించి ఇచ్చేది, అదింకా బాధ. మస్సెల్‌బరాలో ఆ తీర్మానం గురించి తెలిసినప్పటి నుంచీ ఆ పిల్లే గుర్తొస్తోంది. గోల్ఫ్ కర్ర తన చేతిలో పెడితే ఏమయ్యేదో నాకు తెలీదు. తన భుజాలు మాత్రం నాకు గుర్తే.

ఇక మీ వ్యాసంలో ఎక్కువ చోటు తీసుకున్న సెయింట్ ఆండ్రూస్. అక్కడి పేరుమోసిన మైదానం ఓల్డ్ కోర్సులో మంచి సీజన్‌లో ఒక ఆటకి మూడు వందల పౌండ్ల పైమాటే, నిజమే. ఆడాలంటే హ్యాండీక్యాప్ పత్రం (ఆటలో మన స్థాయి చెప్పేది) కావాలి, ముందే బుక్ చేసుకోకపోతే లాటరీలో పేరు రావాలి, అదీ నిజమే. ఆ మైదానం ఎవరో షావుకారుది కాదనీ, 1894లో పార్లమెంటు చట్టంతో ఊరే దాన్ని తిరిగి కొనుక్కుందనీ మీరు రాయలేదు. ఆదివారం అక్కడ మామూలుగా ఆట ఉండదు, ఊరి జనం నడవడానికి వదిలేస్తారు. నేను ఆదివారమే వెళ్ళాను. రైల్లో లూకర్స్ అనే స్టేషనులో దిగి, అక్కణ్ణుంచి బస్సు. టీవీలో చూసిన ఆ చిన్న రాతి వంతెన మీద పిల్లలు దాగుడుమూతలు ఆడుతున్నారు, కుక్కలు పరిగెడుతున్నాయి. మొదటి హోల్‌నీ పద్దెనిమిదో హోల్‌నీ అడ్డంగా కోస్తూ ఓ రోడ్డు పోతుంది, మామూలు జనం నడిచే రోడ్డు. దాని పేరు గ్రానీ క్లార్క్స్ వైండ్. అంటే మన భాషలో క్లార్కమ్మమ్మ గారి సందు. ఆ సందు మధ్యలో నిలబెట్టి మా అల్లుడు నాకు ఫొటో తీశాడు.

ఆ పక్కనే హిమాలయాస్ అని పట్టింగ్ మైదానం ఉంది. ఎత్తుపల్లాల పచ్చిక మీద పట్టర్‌తో దొర్లించడమే ఆట. 1867లో పెట్టిన ఆడవాళ్ళ క్లబ్బుది. నాలుగైదు పౌండ్లిస్తే కర్రా బంతీ ఇచ్చి లోపలికి పంపుతారు. మేం మూడు తరాలవాళ్ళం ఆడాం. నేను మా అల్లుడి మీద రెండు దెబ్బల తేడాతో గెలిచాను. ఆయన గాలిని నిందించాడు. అదే ఊళ్ళో బాల్‌గోవ్ అనే 9 హోల్స్ చిన్న మైదానం కూడా ఉంది, పిల్లలకీ కొత్తవాళ్ళకీ. లక్షల యాత్రలో దీని పేరు రాదు.

మన వాళ్ళలో చాలామంది పిల్లలు ఉండేది స్కాట్లాండ్‌లో కాదు, అమెరికాలో. నాకు తెలుసు. నా తోటికోడలి కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ ఇళ్ళ వెంచర్ల మధ్యన గోల్ఫ్ కట్టారట, ఒక హోల్‌కీ ఇంకో హోల్‌కీ మధ్య వీధులు దాటాలి, బండి లేకపోతే కుదరదట. అదే న్యూయార్క్ వైపు ఉన్నవాళ్ళకి ఆ బాధ లేదు. బ్రాంక్స్‌లో వాన్ కోర్ట్‌లాండ్ పార్కు మైదానం 1895 నాటిది, ఆ దేశంలో మొట్టమొదటి పబ్లిక్ గోల్ఫ్ మైదానం. ఒకటో నంబరు సబ్‌వే రైలు చివరి స్టేషనులో దిగి నడవొచ్చు. లాంగ్ ఐలాండ్‌లోని బెత్‌పేజ్ ప్రభుత్వ పార్కులో బ్లాక్ కోర్సు ఉంది, 2002లో టైగర్ వుడ్స్ యూఎస్ ఓపెన్ గెలిచిన చోటు. అక్కడ బండ్లు లేవు, నడవాల్సిందే. ఇది చాలా కష్టమైన మైదానం, బాగా ఆడగలవాళ్ళకి మాత్రమే అని మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర బోర్డు పెట్టారు. తోటి మైదానాలు నాలుగున్నాయి కాబట్టి మనలాంటివాళ్ళు ఆ బోర్డుకి దణ్ణం పెట్టి పక్కకి పోవచ్చు.

ఏ ఊరు వెళ్ళినా వెతకడం ఎలాగంటే, నేను నేర్చుకున్నది చెబుతాను. ఇంటర్నెట్‌లో 'ఉత్తమ గోల్ఫ్ మైదానాలు' అని వెతికితే మీ వ్యాసంలోవే వస్తాయి. నగరపాలక సంస్థ లేదా కౌంటీ పార్కుల శాఖ పేజీ తెరిచి, అక్కడ ఈత కొలను, లైబ్రరీ పక్కన గోల్ఫ్ అని ఉందేమో చూడాలి. 18 అక్కర్లేదు, 9 ఉంటే చాలు. ఎక్కడో మధ్యవర్తి సైట్లో బుక్ చేస్తే నాకొకసారి ఆట రుసుము మీద ఇంకా ఏదో రుసుము పడింది. తర్వాత్తర్వాత మైదానానికే ఫోన్ చేశాను. మూడు ప్రశ్నలే అడిగేదాన్ని: నడవొచ్చా, కర్రలు అద్దెకిస్తారా, సాయంత్రం వస్తే తగ్గుతుందా. నా ఇంగ్లీషు వాళ్ళకీ, వాళ్ళ స్కాట్లాండ్ ఇంగ్లీషు నాకూ సగమే అర్థమయ్యేది, అయినా పని జరిగింది. నడవొచ్చా అన్న ప్రశ్నకి స్కాట్లాండ్‌లో ఒకాయన చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "నడవక మరేం చేస్తారు?" అన్నాడు.

ఇదంతా మన పత్రికకి ఎందుకు రాస్తున్నానంటే, ఇక్కడికి తిరిగొచ్చాక పొద్దున బీచి రోడ్డులో నడుస్తుంటే చేతులు ఊరుకోవడం లేదు. మన ఊళ్ళల్లో గోల్ఫ్ అంటే సభ్యత్వం. మన దేశంలోనే డబ్బు కట్టి ఎవరైనా ఆడుకునే మైదానం ఉంది. ఢిల్లీలో డీడీఏ (నగరాభివృద్ధి సంస్థ) వాళ్ళు లాడో సరాయ్ దగ్గర 2000లో తెరిచిన కుతుబ్ గోల్ఫ్ కోర్సు అలాంటిదే. అయితే విశాఖలోనో, విజయవాడలోనో, వరంగల్‌లోనో 18 హోల్స్ కట్టమని నేను అడగను. అంత నేల, అంత నీళ్ళు ఆటకి పొయ్యమని ఏ నోటితో అడుగుతాం? మేలో మా వీధికి రోజు విడిచి రోజు నీళ్ళొస్తాయి.

నేనడిగేది బ్రంట్స్‌ఫీల్డ్ లాంటిది. ఇప్పటికే ఉన్న ఓ పెద్ద పార్కులోనో, సెలవురోజుల్లో ఖాళీగా ఉండే కాలేజీ మైదానంలోనో ఆరో తొమ్మిదో చిన్న గుంటలు, జెండాలు. జనం తెల్లారి నడక ముగించి వెళ్ళిపోయాక, ఎనిమిది నుంచి పది దాకా ఆట. గడ్డి బతకని చోట గ్రీన్‌లే (గుంట చుట్టూ పెంచే నున్నటి పచ్చిక) అక్కర్లేదు. మన కంటోన్మెంట్ మైదానాల్లో పూర్వం ఇసకలో నూనె కలిపి చదును చేసి 'బ్రౌన్లు' అని వాటిమీదే ఆడేవారు. నీళ్ళక్కర్లేదు. బంతి గట్టిగా ఉంటుంది, తగిలితే దెబ్బే, అది నిజం. బడి పిల్లలకి ప్లాస్టిక్ బంతులు వస్తున్నాయి. పాత కర్రలు క్లబ్బుల స్టోరు గదుల్లో తుప్పు పడుతూ ఉంటాయని నా అనుమానం. ఒక్కో క్లబ్బూ ఇరవై కర్రలిచ్చినా ఒక బడికి సరిపోతాయి.

నేర్పడానికి జీతం లేకుండా నేను వస్తాను. ఎడిన్‌బర్గ్ నుంచి నా ఆరు కర్రల్లో రెండు తెచ్చుకున్నాను, వెడ్జ్, పట్టర్. మిగతా నాలుగూ బ్యాగుతో సహా మళ్ళీ ఆ పాత సామాను దుకాణానికే ఇచ్చేశాను. విమానంలో ఆ రెండు కర్రల్నీ దుప్పట్లో చుట్టి సూట్‌కేసులో ఐమూలగా పెడితే, వైజాగ్‌లో దిగాక అవేమిటని మా మరిది అడిగాడు. చెబితే పెద్దగా నవ్వాడు. పొద్దున్నే మేడ మీద రంగుడబ్బా మూత పెట్టుకుని, దానిమీదికి బంతి దొర్లిస్తూ సాధన చేస్తున్నాను. నాలుగుంపావు అంగుళాలు కాదు, మూత కొంచెం పెద్దదే.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామోపాధ్యాయురాలు,
పెదవాల్తేరు, విశాఖపట్నం.